తోడల్లుడు చెప్పిన ఇంగ్లీషు మాట

మా తోడల్లుడు పోయారన్న కబురు నాకు పార్సెల్ ఆఫీసు ఫోనులో వచ్చింది. ఉదయం పది దాటింది. హౌరా బండిలోంచి తమలపాకుల బుట్టలు దించుతున్నారు. ప్లాట్‌ఫారమంతా తడి ఆకుల వాసన. అవతల మా ఆవిడ. "బావ వెళ్ళిపోనారు," అంది. పొద్దున్న టీ తాగి, కుర్చీలో పేపరు చదువుకుంటున్నారట. వాళ్ళ అక్క వంటింట్లోంచి రెండుసార్లు పిలిచిందట. మూడోసారి వచ్చి చూస్తే పేపరు ఒళ్ళోనే ఉందట.

నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి. అడిగిన మొదటి మాట మాత్రం, "నీకు ఎవరు చెప్పారు?" అని. యూనియన్ ఆఫీసు నుంచి ఎవరో వచ్చి చెప్పారంది. అంటే నా కంటే ముందు యూనియన్‌కి తెలిసింది. వాళ్ళకి ఆయన పాత ఆఫీసు వాళ్ళు చెప్పి ఉంటారు. ఆయన భార్య చెల్లెల్ని చేసుకున్న నాకు చివర్న తెలిసింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. మంచాన పడకుండా, ఎవరి చేతా సేవ చేయించుకోకుండా, ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో కూర్చుని పోవడం కూడా ఆయనకే దక్కిందే అని. చావు కబురు విని అసూయపడ్డ మనిషి ఇంకొకడు ఉంటాడో ఉండడో నాకు తెలియదు. నేను పడ్డాను. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మన బిలాస్‌పూర్ తెలుగువాళ్ళు అడిగినప్పుడు ఈ సంగతితోనే మొదలుపెట్టాలనుకున్నాను. ఇది దాస్తే మిగతాదంతా అబద్ధమవుతుంది.

మేమిద్దరం పార్వతీపురం దగ్గర ఒకే ఇంటి అల్లుళ్ళం. ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. ఆయన డివిజన్ ఆఫీసులో హెడ్‌క్లర్కు, నేను స్టేషన్లో పార్సెల్ క్లర్కుని. మా మామగారి ఉత్తరం నెలకొకటి వచ్చేది, అదీ ఆయన అడ్రసుకే. అందులో పెద్దల్లుడి ఆరోగ్యం, పెద్దల్లుడి ఆఫీసు, పెద్దల్లుడి సలహా అన్నీ అయ్యాక, అంచు దగ్గర మిగిలిన జాగాలో 'చిన్నల్లుడికి ఆశీస్సులు' అని ఉండేది. ఆ ఉత్తరం చదవడానికి నేను వాళ్ళ క్వార్టర్‌కి వెళ్ళాలి. ఆయన చదివి వినిపించేవారు. చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త పెంచి, "ఇదిగో తమ్ముడూ, నీకు," అనేవారు. ఆ గొంతు పెంచడం నాకు నచ్చేది కాదు.

రైల్వేలో ఎవరి మీదైనా ఛార్జిషీటు వస్తే, విచారణలో అతని తరఫున కూర్చుని మాట్లాడడానికి ఇంకో ఉద్యోగిని తెచ్చుకోవచ్చు. డిఫెన్స్ హెల్పర్ అంటారు. మా డివిజన్లో ఆ పని ఆయనంత బాగా చేసేవారు లేరు. సిగ్నల్ దాటిన డ్రైవర్లు, గేటు వెయ్యని గేట్‌మన్లు, స్టోర్సులో తూకం తేడా వచ్చిన ఖలాసీలు, అందరూ సాయంత్రం ఆరింటికి ఆయన వరండాలో ఉండేవారు. మా క్వార్టర్ ఆయన క్వార్టర్‌కి రెండు వరసల ముందు. వచ్చేవాళ్ళంతా మా గుమ్మం దగ్గర ఆగి, "హెడ్‌క్లర్క్ సాబ్ కా క్వార్టర్ కిధర్?" అని అడిగేవారు. పదేళ్ళపాటు నేను చెయ్యెత్తి దారి చూపించాను. నా ఇల్లెక్కడని ఎవరూ ఎవర్నీ అడిగి ఉండరు.

వచ్చినవాళ్ళని ఆయన మొదట కూర్చోబెట్టేవారు. "ముందు నీళ్ళు తాగు. తరవాత ఛార్జిషీటు చదువుదాం," అనేవారు. వచ్చిన మనిషి గ్లాసు ఖాళీ చేసేదాకా కాగితం గాని, చెవి మీద దోపుకున్న పెన్సిలు గాని ముట్టుకునేవారు కాదు. "కాగితమే కదా, పామేటి కాదు," అని ఇంకో మాట. ఛత్తీస్‌గఢీ గ్యాంగ్‌మన్లకి అదే మాట వాళ్ళ భాషలో చెప్పేవారు. వాళ్ళు నవ్వేవారు. నాకు ఛత్తీస్‌గఢీ బాగా వచ్చు, ఆయన కంటే బాగా వచ్చు. నేను మాట్లాడితే ఎవరూ నవ్వేవారు కాదు.

ఆయనకున్నదీ నాకు లేనిదీ ఇంగ్లీషు. నేను చదివింది తెలుగు మీడియం. రైల్వే ఫారాల్లో రాయడానికి సరిపడా ఇంగ్లీషు పట్టుబడింది, అంతే. ఎవరికి ఏం రాసినా కోపగించుకుంటారేమోనని వాక్యం మొదట్లో ఒక 'కైండ్లీ', చాలదేమోనని చివర ఇంకో 'కైండ్లీ' పెట్టేవాణ్ణి. మా అమ్మాయి హోంవర్కు పట్టుకుని ఆయన దగ్గరికే పరిగెత్తేది. నేను ఇంట్లో ఉన్నా సరే. "పెదనాన్న బాగా చెప్తారు నాన్నా," అనేది.

ఎనభైల మధ్యలో ఆయనకి సూపరింటెండెంటు ప్రమోషన్ వస్తుందని తెలిసింది. మామగారి ఉత్తరం ఆ నెల రెండు పేజీలు వచ్చింది. అంచు దాకా ఆ సంగతే నిండిపోయి, నా ఆశీస్సులకి జాగా మిగల్లేదు. ఇంట్లో భోజనం చేస్తుంటే మా అమ్మాయి ఊరికే అడిగినట్టు, "పాపా, ఆప్ కబ్ బనేంగే?" అంది, మీరెప్పుడవుతారు నాన్నా అని. దాని మనసులో ఏమీ లేదు. నేను మాత్రం కంచం వదిలి లేచి చెయ్యి కడుక్కున్నాను.

ఆ వారంలోనే నేను ఆకాశరామన్న ఉత్తరం రాశాను. స్కేలు పెట్టి, పెద్దక్షరాలతో, ఇంగ్లీషులో. ఈ హెడ్‌క్లర్కు దొంగ సాక్షుల్ని తయారుచేసి తప్పు చేసినవాళ్ళని తప్పిస్తున్నాడు, అతనికి ప్రమోషన్ ఇవ్వవద్దు, అని. దాన్ని స్టేషన్లోనే ఆర్.ఎమ్.ఎస్. పోస్టు డబ్బాలో వేసి డ్యూటీకి వెళ్ళాను. ఇలాంటి వాటిని చించి పారేస్తారులే అనుకున్నాను. చించలేదు. ప్రమోషన్ ఆపారు, విచారణ వేశారు. ఎందరి పక్కనో కూర్చున్న మనిషి, నిందపడ్డవాడి కుర్చీలో తనే కూర్చున్నారు. తొమ్మిది నెలలు. వరండాలోకి జనం రావడం తగ్గింది. వదిన బజారుకి వెళ్ళడం మానేసింది. రతన్‌పూర్ అమ్మవారికి మొక్కుకుంటానంటే మా ఆవిడే తోడు వెళ్ళి, ఇద్దరూ బస్సులో ఏడ్చుకుంటూ వచ్చారు. నేను ఆదివారం ఆదివారం సంచీలో కూరలు పట్టుకుని వెళ్ళి, "ఎంతవరకు వచ్చింది అన్నయ్యా?" అని అడిగేవాణ్ణి. ఆయన, "నడుస్తన్నాది తమ్ముడూ," అనేవారు. ఇంటికి వచ్చేదారిలో నాకు సంతోషంగా ఉండేదని రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ కొన్ని ఆదివారాలు ఉండేది.

చివరికి ఆర్డరు వచ్చింది. సాక్షుల్లో ఒక్కరూ ఆయనకి వ్యతిరేకంగా చెప్పలేదు. ఆ సాయంత్రం మమ్మల్నందర్నీ పిలిచారు. పళ్ళెంలో పేడాలు. కాగితం మా అమ్మాయి చేతికిచ్చి చదవమన్నారు. అది చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయింది. ఎగ్జానరేటెడ్. మా ఆవిడ అడిగింది, "ఏటి బావా ఆ మాట?" అని.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఇంగ్లీషు మాటల పుట్టుక చెప్పడమంటే ఆయనకి పిల్లలకి కథ చెప్పినంత ఇష్టం. లాటిన్ భాషలో 'ఓనస్' అంటే బరువుట. 'ఎక్స్' అంటే బయటికి. మనిషి మీదున్న బరువు తీసి బయట పెట్టడమే ఆ మాట. మొదట్లో ఓడల్లోంచి సరుకు దించడానికి కూడా వాడేవారట. నది తన నీళ్ళు తెచ్చి సముద్రంలో దించుకోవడాన్ని కూడా పాతకాలం ఇంగ్లీషులో ఈ మాటతోనే చెప్పేవారట. తరవాత తరవాత ఓడలూ నదులూ పోయి, కోర్టులూ ఆఫీసులూ మిగిలాయన్నారు. "మా ఆఫీసుకి ఇంత మంచి మాట ఎలా దొరికిందో నాకూ తెలీదు," అన్నారు.

"అంటే మాఫ్ చేయడమా పెదనాన్నా?" అంది మా అమ్మాయి.

"కాదమ్మా. మాఫ్ చేయాలంటే తప్పు ఉండాల. ఇది తప్పే లేదని చెప్పి బరువు దించీడం. రెండూ వేరే."

 అప్పుడు వదిన అంది, "మరి ఈ బరువు మీ నెత్తి మీద పెట్టినోడెవడో?"

"పెట్టినోడి నెత్తి మీద ఇంకా ఉన్నాది గావాల," అన్నారాయన. నావైపు చూడలేదు. పళ్ళెం మాత్రం నా ముందుకు జరిపారు. నేను పేడా తీసుకుని తిన్నాను. అప్పుడు కూడా నాకు పశ్చాత్తాపం కంటే ముందు వచ్చిన ఆలోచన వేరు. నేను ఎంత పెద్ద రాయి విసిరినా ఈ మనిషి మా ఇంటివాళ్ళ ముందు ఇంకా ఎత్తుగా నిలబడ్డాడే, నేను విసిరిన రాయినే మెట్టు చేసుకున్నాడే, అని.

రెండేళ్ళకి నా వంతు వచ్చింది. నాగపూర్ వైపు నుంచి వచ్చిన ఒక బట్టల పెట్టె, తీసుకెళ్ళడానికి వచ్చిన వ్యాపారి విప్పేసరికి సగం ఖాళీగా ఉంది. నా డ్యూటీలో దిగిన పెట్టె, నేను సంతకం పెట్టి దించుకున్న పెట్టె. మధ్యలో దాన్ని ముట్టుకున్నది నేనే అన్నారు. దొంగతనం ఛార్జి. సస్పెండ్ చేశారు.

ఆయన దగ్గరికి నేను వెళ్ళలేదు. ఎలా వెళ్తాను? మా ఆవిడ వెళ్తానంటే కసురుకున్నాను. మూడో రోజు ఆయనే రెండు వరసలు దాటి మా క్వార్టర్‌కి వచ్చారు. మా ఇంట్లోకి వచ్చి, మా వంటింట్లో మా ఆవిడని అడిగి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చారు. "ముందు ఇది తాగు, తమ్ముడూ." తాగాను. ఆ గ్లాసు వెనక ముఖం దాచుకోవడానికి ఇంకాస్త నీళ్ళుంటే బాగుండునని అనిపించింది.

ఛార్జిషీటు చదవడం అయ్యాక ఒక్కటే అడిగారు. "పెట్టె దిగినప్పుడు నీకేటి అనిపించింది?"

ఆలోచించాను. తేలిగ్గా ఉందనిపించింది. తాడు వదులుగా ఉంది. హమాలీ దించుతుంటే లోపల ఏదో దొర్లినట్టు చప్పుడైంది. ఆ మాట ఒక చీటీ మీద రాసి గార్డుకి ఇచ్చినట్టు లీలగా గుర్తొచ్చింది. బండి కదులుతుండగా ఇచ్చాను. ఆ గార్డు తరవాత బదిలీ అయి రాయ్‌గఢ్ వెళ్ళిపోయాడు.

ఆయన మూడు ఆదివారాలు రాయ్‌గఢ్ వెళ్ళారు. మొదటిసారి గార్డు డ్యూటీ మీద ఊళ్ళో లేడు. రెండోసారి ఉన్నాడు గాని, తనకేమీ గుర్తులేదని తలుపు వేసుకున్నాడు. మూడోసారి ఆయన అతన్ని ఏమీ అడగలేదట. వాళ్ళింటి మెట్ల మీద కూర్చుని అతని తండ్రితో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడారట. మధ్యాహ్నానికి గార్డే లోపలికి వెళ్ళి పాత మెమో పుస్తకాలు తెచ్చి ముందు పడేశాడు. వాటి పేజీల మధ్య నా చీటీ ఉంది.

విచారణ రోజున ఆయన ఆ చీటీని అధికారి ముందు చదివారు. ఒక్క తప్పు దిద్దకుండా, నేను రాసింది రాసినట్టే చదివారు. "కైండ్లీ నోట్ వన్ బాక్స్ ఈజ్ టూ మచ్ లైట్, రోప్ ఈజ్ లూజ్, సమ్‌థింగ్ ఈజ్ సౌండింగ్ ఇన్‌సైడ్, ఐ యామ్ టెల్లింగ్ బిఫోర్ ఓన్లీ కైండ్లీ." అధికారి పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. మా తోడల్లుడు నవ్వలేదు. ఇది తీరిగ్గా ఇంట్లో కూర్చుని తయారుచేసిన ఇంగ్లీషు కాదని, పెట్టె ఎదురుగా ఉండగా, బండి కదులుతుండగా, నిజం చెప్పాలని తొందరపడ్డ మనిషి ఇంగ్లీషని అన్నారు. నా భాష గురించి నా జీవితంలో ఎవరూ అంత మంచి మాట చెప్పలేదు.

కానీ నేను దాన్ని సగమే విన్నాను. రెండు 'కైండ్లీ'లు ఆయన గొంతులో వినపడగానే ఆకాశరామన్న ఉత్తరం చివరి వాక్యం గుర్తొచ్చింది. 'కైండ్లీ ఎంక్వైరీ దిస్ మ్యాన్ కైండ్లీ.' పెద్దక్షరాలు రాశాను, స్కేలు పెట్టాను, చేతిరాత దాచాను. మాట దాచడం నాకు తోచలేదు. విచారణ కాగితాలతో పాటు ఇచ్చిన ఆ ఉత్తరం నకలు తొమ్మిది నెలలు ఆయన దగ్గరుంది. ఎన్నిసార్లు చదివి ఉంటారు? నా కూరల సంచీ అందుకున్నప్పుడల్లా ఆయనకి తెలుసు. పేడాల పళ్ళెం జరిపినప్పుడు తెలుసు. నా చేతికి నీళ్ళ గ్లాసిచ్చినప్పుడూ తెలుసు.

బయటికి వచ్చాక ఆఫీసు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. నేను గ్లాసు బల్ల మీద పెట్టేసి, "అన్నయ్యా, నేనొక మాట చెప్పాల," అన్నాను.

"టీ తాగు."

"ఆ ఉత్తరం..."

ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు. కోపంగా కాదు, వరండాలో ఎక్కువ మాట్లాడే క్లయింటుని ఆపినట్టు. తరవాత అన్నారు. "నీ ఆర్డరు వస్తాది. అందులో ఆ మాట రాస్తారు. ఈ పెట్టెకి ఆ మాట సరిపోతాది, ఎందుకంటే నువ్వు చేయలేదు కాబట్టి. రెండోదానికి అది రాదు తమ్ముడూ. దానికి ఇంకో మాట కావాల. అది నాకింకా దొరకలేదు. దొరికితే నేనే చెప్తాను. అంతవరకు నువ్వేటీ చెప్పొద్దు."

క్షమించానని ఆయన అని ఉంటే నేను ఏడ్చి, రెండు రోజుల్లో మర్చిపోయేవాణ్ణేమో. తిట్టి ఉంటే మళ్ళీ అసూయపడడానికి దారి దొరికేది. ఆయన రెండూ చేయలేదు. ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ క్షణంలో కూడా నాకు మొదట కలిగింది కృతజ్ఞత కాదు. తెలిసి తెలిసి మూడు ఆదివారాలు రాయ్‌గఢ్ వెళ్ళగల మనసు నాకెందుకు ఇవ్వలేదు దేవుడు, ఆయనకెందుకిచ్చాడు అన్న కుళ్ళు.

నా ఆర్డరు వచ్చింది. ఆ మాట అందులో ఉంది. మా అమ్మాయి ఈసారి ఆగకుండా చదివింది. మామగారు ఉత్తరం రాశారు. 'పెద్దల్లుడి వల్ల చిన్నల్లుడు గట్టెక్కాడు' అన్నారు. నిజమే కాబట్టి ఇంకా గుచ్చుకుంది.

ఆ తరవాత పదేళ్ళకి పైగా గడిచింది. ఆయన రిటైరై నెహ్రూ నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. రిటైరైనా ఛార్జిషీట్లు పట్టుకుని జనం అక్కడికీ వెళ్ళేవారు. నేను ఆదివారం ఆదివారం వెళ్ళేవాణ్ణి. ఇద్దరం వేరుశనక్కాయలు వొలుచుకుంటూ కూర్చునేవాళ్ళం. ఆయన వొలిచినవి తినకుండా ఒక కుప్ప పోసి, మాటల్లో మాటగా సగం నా వైపు తోసేవారు. ఏదైనా కొత్త మాట ఎదురైతే దాని పుట్టుక చెప్పేవారు. ఆయన ఒక్కో మాట ఎత్తినప్పుడల్లా, ఇవాళ ఆ మాట చెప్తారేమోనని నేను కాయ వొలవడం ఆపేసేవాణ్ణి. ఆయన ఇంకేదో చెప్పేవారు. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిన రోజు తిన్నగా ఆయనింటికే వెళ్ళి, ముందు ఆయన కాళ్ళకీ తరవాత నా కాళ్ళకీ దణ్ణం పెట్టింది. వదిన గమనించింది. ఆయనా గమనించారు. అమ్మాయి వెళ్ళాక, "దానికి తెలీదు తమ్ముడూ, ఏటీ అనుకోకు," అన్నారు. ఏం తెలీదో చెప్పలేదు.

ఆయన్ని తీసుకెళ్ళిన రోజు నెహ్రూ నగర్ సందు నిండిపోయింది. గేట్‌మన్లు, ఖలాసీలు, రిటైరైన డ్రైవర్లు, బెల్తరా నుంచీ ఇంకా దూరపు పల్లెల నుంచీ సైకిళ్ళ మీద వచ్చిన గ్యాంగ్‌మన్లు. పాడె లేవగానే అందరూ భుజం పెట్టడానికి పోటీపడ్డారు. కొడుకు ఒకవైపు ఉన్నాడు. మిగతా మూడు చోట్లూ వాళ్ళే పట్టేశారు. నేను పక్కన నడుస్తున్నాను. అడుగు ముందుకేస్తే ఎవరో అడ్డమొచ్చేవారు. ఇక్కడ కూడా నాకు చోటు లేదే అని, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది దుఃఖం కాదు.

ఒక ముసలి గ్యాంగ్‌మన్ నన్ను చూశాడు. ఆయన వరండాకి దారి అడిగినవాళ్ళలో అతనూ ఒకడేమో, నాకు గుర్తులేదు. "ఆప్ ఘర్ కే హైఁ," మీరు ఇంటివాళ్ళు అని, వెదురు నా భుజం మీదికి మార్చి తప్పుకున్నాడు.

అర్పా నది ఒడ్డుకి వెళ్ళే దారిలో, సగంలో, దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. మన ఆచారం తెలిసినదే. అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ఒకవేళ ప్రాణం మిగిలి ఉంటే లేస్తారని. కొడుకు "నాన్నా" అని పిలిచి లేచాడు. "బాబాయ్, మీరు కూడా," అన్నాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని వంగాను. అంత దగ్గరగా ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు. కుడిచెవికి పైన, జుట్టు మొదలయ్యే చోట, వేలు పెడితే ఆనేంత చిన్న పల్లం ఉంది. ముప్ఫై ఏళ్ళు పెన్సిలు దోపుకున్న చోటు. "అన్నయ్యా" అని మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి వంగి, ఆ ఉత్తరం రాసింది నేనేనని చెప్పాను. ఆయన వద్దన్న మాట అది. వద్దనడానికి ఇప్పుడు ఆయన చెయ్యి ఊపలేరు.

ఎవరో తొందరపెట్టారు. పాడె లేచింది. కొంతదూరం వెళ్ళాక అలసిపోతారు, భుజం మార్చుకోండి అన్నారు. నేను మార్చుకోలేదు. ఇంకొకరు వచ్చి వెదురు పట్టుకోబోతే మోచెయ్యి అడ్డం పెట్టాను. ముందు నడిచేవాళ్ళు పేలాలు చల్లుతున్నారు. నా తలకి జానెడు దూరంలో ఆయన తల మెల్లగా ఊగుతోంది. చెవి పైన ఆ పల్లంలో ఒక పేలపు గింజ పడి ఆగింది. నది దాకా చూస్తూనే ఉన్నాను. నేను ఎంత తడబడి నడిచినా అది జారిపడలేదు.